వీణ పాఠాలకు ఆన్‌లైన్ దారి తెరవండి

సంపాదకుల వారికి నమస్కారం.

సంగీతం గురువు ఎదుట కూర్చుంటేనే వస్తుందని, ఫోనులో నేర్చుకునేది విద్యే కాదని చాలామంది పెద్దలు అంటుంటారు. మూడేళ్లుగా ఆన్‌లైన్‌లో వీణ నేర్చుకుంటున్నాను కనుక నా అనుభవం చెప్పాలనిపించింది.

మాది పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక మండల కేంద్రం. పనసకర్రను తొలిచి వీణలు చేసే బొబ్బిలి మాకు పెద్ద దూరం కాదు. అయినా మా ఊళ్లో తొలి పాఠాలైన సరళీ వరసలు చెప్పేవారే లేరు. చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకున్నాను. మాస్టారు ఊరు విడిచి వెళ్లాక గవిసెన (గుడ్డ తొడుగు) తొడిగి మూలన పెట్టిన వీణ ముప్పై ఏళ్లు అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు విజయవాడ నుంచి ఒక టీచరుగారు వారానికి రెండు రోజులు పాఠం చెబుతున్నారు. ఫోనును ముఖానికి ఎదురుగా కాకుండా ఎడమ చేతి పక్కన, స్వరం కోసం తీగను నొక్కే వీణ మెట్ల ఎత్తులో పెట్టమని మొదటి రోజే చెప్పారు. ఆమె కూడా అలాగే పెట్టుకుంటారు. తోడి రాగంలో వర్ణం మొదలుపెట్టినప్పుడు నాకు గాంధారం (గ స్వరం) నెల రోజులు పలకలేదు. గాంధారం మెట్టు మీదే వేలు ఉంచి ఊపుతూ కూర్చున్నాను. రికార్డు చేసుకున్న పాఠాన్ని సగం వేగంతో చూస్తే అసలు సంగతి బోధపడింది. ఆమె వేలు దాని కింది స్వరమైన రిషభం (రి) మెట్టు మీదే ఉంది, తీగను పక్కకు లాగి అక్కడి నుంచే గాంధారం పలికిస్తున్నారు. ఆ ఒక్క లాగుడును ఇరవై సార్లు చూశాను. ఎదురుగా ఉన్న గురువును ఇరవై సార్లు వాయించమని అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. శబ్దం క్షణం ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఇద్దరం కలిసి వాయించలేం. మైనం మీద నిలిపిన 24 మెట్లలో ఒకటి కదిలితే మేళం కట్టే, అంటే మెట్లను శ్రుతికి సరిచేసి నిలిపే మనిషి ఇంటికి రావలసిందే. ఏడాదికి రెండుసార్లు నేను విజయవాడ వెళ్లి ఆమె ముందు వాయించి వస్తాను. ఒకసారి నా మణికట్టు పట్టుకుని కాస్త కిందకు దించారు. ఎన్నాళ్లుగానో ఉన్న భుజం నొప్పి దానితో తగ్గింది. అటువంటి దిద్దుబాటు ఫోనులో దొరకదు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. హరికథా విద్వాంసుడు ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు నేర్పిన చోటు అది. ఆ రోజుల్లో విద్య కోసం పిల్లలు ఇల్లు విడిచి అక్కడికి చేరేవారు. ఈనాడు బడి, ట్యూషను ముగించుకున్న పిల్ల చీకటి పడే వేళ బస్సెక్కి పట్నం వెళ్లి రాగలదా? ప్రభుత్వ సంగీత కళాశాలల అధ్యాపకులు వారానికి రెండు పూటలు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పాలి. రెండు నెలలకోసారి ఆదివారం ఆ పిల్లలను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి దిద్దాలి. సర్టిఫికెట్ పరీక్షకు వారినీ తయారు చేయాలి. వీణ కొనలేని కుటుంబాలే ఎక్కువ కనుక మండలానికి ఒక హైస్కూలులో ఒక వీణ ఉంచితే సాధనకు ఆసరా అవుతుంది. ఈ విషయం ప్రభుత్వం దృష్టికి తేవాలని మీ పత్రికను కోరుతున్నాను.

మా పక్కింటి అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. నేను సాధన చేస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడి వింటుంది. మొన్న తనంతట తానే సరళీ వరస మొదటి పాదం వాయించి చూపించింది. ఆ పిల్లకు నేర్పేంత విద్య నా దగ్గర లేదు. ఆమెకు గురువు కావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పార్వతీపురం మన్యం జిల్లా