దొంగ కాపీల ఖరీదు కడుతున్నది తెలుగే

సంపాదకుడు గారికి,

పైరసీ సాఫ్ట్‌వేర్ గురించి వార్త వచ్చినప్పుడల్లా కంపెనీల నష్టమే రాస్తారు. వాడేవాళ్ల నష్టం గురించీ రాయాలి. డీటీపీ (కంప్యూటర్లో అచ్చు పేజీలు కూర్చే) పనిలో ఉన్న నాకు అది రోజూ కనిపిస్తుంది.

1998లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ చైనా గురించి దాచకుండా చెప్పారు: ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించాలి, అలవాటు పడ్డాక వచ్చే పదేళ్లలో వసూలుకు దారి చూస్తాం అని. నలుగురు వాడేదే ఐదోవాడూ నేర్చుకుంటాడు. కంపెనీకి ఇప్పుడు డబ్బు రాకపోయినా మార్కెట్ వస్తుంది. దెబ్బతినేది విండోస్ బదులు వాడే లినక్స్, ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు. ఖరీదైనదే ఊరికే దొరుకుతుంటే ఉచితమైనదాన్ని ఎవరు నేర్చుకుంటారు?

మన డీటీపీ సెంటర్లే చూడండి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. ఇప్పటికీ పెళ్లికార్డులు, కరపత్రాలు అందులోనే చేసేవాళ్లున్నారు. దాని కోసమే పాత విండోస్ కంప్యూటర్‌ను పాడైపోకుండా కాపాడుకుంటున్నారు. చేతులు మారిన దొంగ కాపీకి అప్‌డేట్ ఉండదు, వైరస్ టెన్షన్ సరేసరి. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించే పద్ధతి) తెలుగు కుదరదు కనుక పాత ఫాంట్లే దిక్కు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. మన మాట కొట్టి వెతికితే దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఇలా టైపు చేసిన సావనీర్లు, చిన్న పత్రికలు, ఎన్నో పుస్తకాలు ఇంటర్నెట్‌లో లేనట్టే లెక్క. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద, తెలిసి దొంగ కాపీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. షాపులో కుర్రాడిని పట్టుకుంటే ఏం మారుతుంది? అతనికి పని నేర్పింది ఆ కాపీ మీదే.

కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నారు. మనకూ మండలి, గిడుగు, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ కొత్త వెర్షన్లలో ఒత్తులు సరిగ్గానే పడుతున్నాయి. రెండు రాష్ట్రాల ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు వీటి మీదే డీటీపీ నేర్పాలి. ప్రభుత్వ శాఖలు ప్రింటింగ్ పని ఇచ్చేటప్పుడు యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వాలని షరతు పెట్టాలి. ఇప్పుడు కొత్తది నేర్చుకుని ఫైలు పంపినా, కొన్ని ప్రెస్సుల వాళ్లు “పేజ్‌మేకర్‌లోనే పెట్టండి” అని తిప్పి పంపుతున్నారు.

– ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి