మెల్‌బోర్న్ చందా ఎక్కడ ఖర్చుపెట్టాలి

ఒరే రవీ,

నీ ఉత్తరం అందింది. పాపువా న్యూ గినీలో చేతబడి నింద పడి బతికి బయటపడ్డ ఆడవాళ్ళకి మీ సంఘం చందా పంపుదామనుకుంటోందన్నావు. మంచిపనే. కానీ దుప్పట్లు, పాత బట్టలు అన్నావు చూడు, అవి మాత్రం వద్దు.

మెదక్ వైపు బాణామతి గొడవలు ఎరిగినవాడివి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ ఎవరైనా హఠాత్తుగా పోతే చావింటి దగ్గర ఊరంతా చేరి రోజుల తరబడి ఏడుస్తారు. దాన్ని హౌస్ క్రై అంటారు. నిందలు చాలావరకు అక్కడే పుడతాయి. గ్లాస్‌మన్ అనే సోదెగాడు డబ్బు పుచ్చుకుని ఫలానా ఆవిడే సంగుమా, అంటే చేతబడి, చేసిందని వేలు చూపిస్తాడు. ఇక కత్తులు, ఎర్రగా కాల్చిన ఇనుము. చట్టాలు లేక కాదురా. చేతబడి భయాన్ని హత్యకేసుల్లో సాకుగా చెప్పుకోనిచ్చిన 1971 నాటి చట్టాన్ని 2013లో ఎత్తేశారు. 2022లో గ్లాస్‌మన్ పనినే నేరం చేశారు. అయితే పోలీసు బండిలో పెట్రోలు లేకపోతే ఏ చట్టమూ కొండమీది ఊరికి చేరదు.

కాబట్టి మొదటి ఖర్చు పెట్రోలు, ఫోన్ రీఛార్జి, బండి కిరాయి. ప్రాణం నిలబెట్టేది ఈ చిల్లరే. దాతలకి గిట్టనిదీ ఇదే. శిక్షణ శిబిరమైతే ఫొటో బాగా వస్తుంది మరి!

తప్పించుకున్నాక తీసుకెళ్ళాల్సింది ఆస్పత్రిలో హింసకి గురైనవాళ్ళని చూసే ఫ్యామిలీ సపోర్ట్ సెంటర్‌కి. కాలిన చోట వెంటనే 20 నిమిషాలు చల్లటి నీళ్ళ ధార పట్టాలి, ధనుర్వాతం టీకా వేయించాలి. అత్యాచారం కూడా జరిగుంటే హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి. కొండదారిలో ఆ గంటలు కరిగిపోతాయి, అందుకే బండి బండి అంటున్నా. గాయాలు పచ్చిగా ఉన్నప్పుడే డాక్టరు చేత రిపోర్టు రాయించాలి. మానిపోయాక కోర్టులో చూపించడానికి మచ్చలే మిగులుతాయి.

అసలు చిక్కు ఆ తర్వాత. సేఫ్ హౌస్‌లో, అంటే రహస్యంగా దాచి ఉంచే ఆశ్రయంలో, కొన్ని వారాలు ఉంచుకుంటారు, మరి పై నెల? భూమి చాలా భాగం తెగలదే, పట్టా ఒకరి పేరున ఉండదు. తెగ తరిమేస్తే తోట పోయింది, తోటతో తిండీ పోయింది. కొత్త ఊళ్ళో నిలదొక్కుకోవాలంటే ఆరు నెలల అద్దెయినా చేతిలో ఉండాలి, పిల్లల బడి ఫీజు, సంతలో ఏదైనా పెట్టుకుని అమ్ముకోడానికి కాస్త పెట్టుబడి కూడా. కొండప్రాంతం హైలాండ్స్ నుంచి రాజధాని పోర్ట్ మోర్స్‌బీకి రోడ్డే లేదు, విమానం టికెట్లు కొనాల్సిందే. పిల్లలకి కూడా కొనాలి. 2013లో మౌంట్ హేగన్‌లో ఇరవయ్యేళ్ళ తల్లిని నడిబజార్లో తగలబెట్టారు. 2017లో ఆమె ఆరేళ్ళ కూతురి మీద అదే నింద వేసి హింసించారు. తల్లినొక్కదాన్నే దాటిస్తే సగం పనే.

మీవాళ్ళకి గట్టిగా చెప్పు: ఫొటోలు అడగొద్దు, సేఫ్ హౌస్ గోడ మీద మీ సంఘం బోర్డు అసలే వద్దు. ఆ ఒక్క బోర్డుతో ఇల్లెక్కడో అందరికీ తెలిసిపోతుంది. ఊళ్ళోనే ఉంటున్న మనిషికి ఒక్కసారిగా పెద్ద మొత్తం ఇచ్చినా ముప్పే, పక్కవాళ్ళ ఈర్ష్య నుంచి ఇంకో నింద లేస్తుంది. పాస్టరునో గ్రామ కోర్టునో పెట్టి రాజీ చేసి వెనక్కి పంపించేద్దామని తొందరపడే ప్రాజెక్టులున్నాయి. ఆమె తనంతట తానే వెళ్తానంటే సరే, మార్చి నెలాఖరుకి ఫైలు మూయాలని మాత్రం పంపకూడదు.

ఎవరికివ్వాలంటావా? లే పట్టణంలో 2014లో మొదలైన ఫెమిలీ పీఎన్‌జీ అనే సంస్థ ఉంది, ఆస్ట్రేలియా ప్రభుత్వ సాయంతో నడుస్తుంది. ఆస్పత్రి, పోలీసు, కోర్టు అన్నిచోట్లకీ బాధితురాలి వెంట వెళ్ళడమే వాళ్ళ పని. హైలాండ్స్‌లోని మెండి పట్టణంలో స్విస్ సన్యాసిని సిస్టర్ లోరేనా జెనల్ ఆశ్రయం ఉంది, దానికి జర్మనీ కాథలిక్ సంస్థ మిసియో అండ. పెద్ద గ్రాంటుల్లో ఇమడని ఖర్చులేంటో వాళ్ళనే అడుగు, మీ డబ్బు అక్కడ పెట్టండి.

బడ్జెట్ కాగితం వచ్చాక నాకోసారి పంపు. పెట్రోలుకి, అద్దెకి విడిగా పద్దులు లేకపోతే సంతకం పెట్టొద్దు.

నీ
మురళి