ఆపరేషన్ అయిపోయాక ఆ గుండెను చూసేదెవరు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా తమ్ముడు మార్కెట్ యార్డులో హమాలీ. 2012లో, 24 ఏళ్ల వయసులో, బస్తా ఎత్తుతుంటే ఛాతీలో ఏదో తెగినట్టయిందని అక్కడే కూలబడ్డాడు. వారం తిరిగేసరికి పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపేవాడు. వాడి ఛాతీ మీద చెయ్యి పెడితే లోపల పిల్లి గుర్రుమన్నట్టు అదిరేది, ఆ అదురు నా అరచేతికి ఇప్పటికీ గుర్తుంది. హైదరాబాద్ తీసుకెళ్తే ఎకో (గుండె స్కానింగ్) తీసి, గుండె నుంచి పెద్ద రక్తనాళం బయలుదేరే చోట మూడు చిన్న అరలు ఉంటాయని, వాటిలో ఒకదాని గోడ పుట్టుకతోనే బలహీనంగా ఉండి, బుడగలా ఉబ్బి ఇప్పుడు పగిలిందని చెప్పారు. ఆ అరల పేరు వల్సాల్వా సైనస్‌లు. చాలా అరుదైన జబ్బు, కానీ పాశ్చాత్య దేశాలకన్నా ఆసియా వాళ్లలోనే ఎక్కువట, అందులోనూ మగవాళ్లలో.

ఆరోగ్యశ్రీ కింద పైసా తీసుకోకుండా ఆపరేషన్ చేశారు. 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. అది లేకపోతే ఈరోజు మా తమ్ముడు లేడు, ఆ డాక్టర్లకు చేతులెత్తి దండం పెడతాను.

నా బాధంతా ఆ తర్వాతి సంగతి. ఒక ఏడాది మందులు, చెకప్‌లు నడిచాయి, ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, మేమూ వెళ్లలేదు. చిల్లు పూడ్చారు కదా, ఇంకేం భయం అనుకున్నాం. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మళ్లీ బస్తాలు మోశాడు. నిరుడు మెట్లెక్కుతుంటే ఆయాసం మొదలైంది. ఎకో తీస్తే ఆ అరల దగ్గరున్న కవాటం (వాల్వు) బాగా లీకవుతోంది, గుండె సాగిపోయింది. కొత్త డాక్టరు పాత కేస్‌షీట్ అడిగితే, ఆపరేషన్ చేసిన దవాఖానలో అన్నేళ్ల కిందటి రికార్డు లేదన్నారు. మా ట్రంకుపెట్టెలో ఉన్న డిశ్చార్జి కాగితం వాననీళ్లకు తడిసి సగం అక్షరాలు పోయాయి. చివరికి మెటల్ కవాటం వేశారు. ఇప్పుడు జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి, అది ఎక్కువైనా తక్కువైనా ప్రమాదమే కాబట్టి రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తూనే ఉండాలి, దానికోసం కూలి వదులుకుని బస్సెక్కాలి.

ఇలా ఎందుకైందో డాక్టరు బొమ్మ గీసి చూపించారు. ఆ అరల అంచులకే కవాటం రేకులు వేలాడి ఉంటాయి. గోడ దెబ్బతింటే రేకుకు ఆనిక తగ్గి కిందికి జారుతుంది, అందుకే చిల్లు చక్కగా పూడ్చినా ఏళ్ల తర్వాత లీకు పెరగవచ్చు. ఈ ఆపరేషన్ 1956 నుంచీ ఉంది. చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి బాగానే ఉంటారు, ఇది నిజం, ఎవరూ టెన్షన్ పడొద్దు. కాకపోతే కవాటం మీద ఎప్పుడూ ఒక కన్నుండాలి. ఏడాదికో ఎకో తీసి ఉంటే మా తమ్ముడి గుండె ఇంత సాగకముందే తెలిసేది.

టీబీ పేషెంటు వివరాలు నిక్షయ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో ఎక్కిస్తారు, మందు మానేస్తే ఇంటికొచ్చి అడుగుతారు. గుండె కోసి కుట్టిన మనిషిని ఎందుకు అడగరు? 2023 డిసెంబరులో మన ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది, సంతోషం. అందులో గుండె ఆపరేషన్ అయినవాళ్లకు ఏటా ఒక ఎకో కూడా చేర్చండి, అది జిల్లా దవాఖానలోనే తీయండి. డిశ్చార్జి కాగితం కార్డు నంబరు మీద ఎప్పటికీ దొరికేలా పెట్టండి. ఆశా కార్యకర్త దగ్గర మా ఊరి బాలింతల లిస్టు ఉంటుంది కదా, దాని పక్కనే ఈ పేర్లు కూడా రాయించండి. ఇంత అరుదైన జబ్బుతో ఒక్కో దవాఖానకు వచ్చేదే కొద్దిమంది, వాళ్లను కూడా వదిలేస్తే పదేళ్ల తర్వాత ఎవరెలా ఉన్నారో డాక్టర్లకైనా ఎలా తెలుస్తుంది?

మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడో వయసులోనో ఇలాంటి ఆపరేషన్ అయి ఉంటే, బాగున్నారు కదా అని ఊరుకోకండి, ఈ నెలలోనే ఒకసారి ఎకో తీయించండి. పాత కాగితాలు ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో దాచుకోండి.

ఇట్లు,
ఒక అక్క, మహబూబ్‌నగర్ జిల్లా