ఆదివారం బ్రేకులు, చైన్ల తనిఖీ

మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం స్వారీ లేదు, మరమ్మతే. ఉదయం 6:30కి నార్సింగి దగ్గర సైకిల్ ట్రాక్ మొదట్లో కలుద్దాం. వచ్చే వారం అనంతగిరి ఘాట్ దిగాలి కదా, తనిఖీ కాని సైకిళ్లను ఆ రోజు తీసుకురావద్దు.

పాత బనియన్ గుడ్డ, పాత టూత్‌బ్రష్, అంగుళాల స్కేలు తెచ్చుకోండి. చైన్ నూనె, అలెన్ కీలు (ఆరు పలకల బోల్టులు తిప్పే పనిముట్లు) నా దగ్గర ఉన్నాయి.

స్కేలు ఎందుకంటారా? చైన్ ఎంత సాగిందో కొలవడానికి. లింకులను కలిపే ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే, కొత్త చైన్‌లో అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. ఆ పిన్ను 12 దాటి అంగుళంలో పదహారో వంతు జరిగిందంటే చైన్ మార్చాల్సిందే. బద్ధకిస్తే పళ్లచక్రాలూ అరుగుతాయి. ఆ ఖర్చు నేను ఒకసారి భరించాను, చాలు.

ట్రయల్స్ (కాలు కింద పెట్టకుండా సైకిల్‌ను అడ్డంకుల మీదుగా గెంతించే ఆట) సాధన చేసే ముగ్గురూ తప్పక రావాలి. ఒక్క తొక్కుతో బండిని గెంతించేటప్పుడు చైన్ తెగితే మోకాలు నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది. బిగుసుకున్న లింకు ఒక్కటి కనిపించినా గెంతులు ఆపండి.

డిస్క్ బ్రేకులున్నవారు డిస్క్‌ను నొక్కే ప్యాడ్లు చూసుకోండి. ప్యాడ్ మీది రాపిడి పొర మందం 1 మి.మీ. కన్నా తగ్గితే మార్చాలి. డిస్క్‌పై నూనె పడనివ్వకండి. కిందటిసారి ఒకరు చైన్‌తో పాటు డిస్క్‌కూ అభిషేకం చేశారు, పేరు చెప్పను. రిమ్ బ్రేకులు (చక్రం అంచును నొక్కేవి) ఉన్నవారు వాటి రబ్బరులో ఇరుక్కున్న ఇసుక, లోహపు నలుసులు తీసేయండి.

వచ్చేవారు మీ పేరు, బ్రేకు రకం శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ రాయండి. ప్యాడ్లన్నీ శనివారం ఒకేసారి కొంటాను. ఆ తర్వాత అడిగితే మీరే కొనుక్కోవాలి!