పాత హారర్ పత్రికల అలమర: ఈ ఏడాది జమా ఖర్చుల వివరణ

పాత అమెరికన్ హారర్ సినిమా పత్రికలు సేకరించి అందరికీ చూపించే మన అలమరకు చందాలిచ్చిన కుటుంబాలకు, ప్రదర్శనకు వచ్చినవారికి, అటక మీద నుంచి పాత కట్టలు దింపి తెచ్చి ఇచ్చినవారికి కమిటీ తరఫున నమస్కారం. మార్చి 1 నుంచి అక్టోబర్ 31 వరకు మన చేతికి వచ్చిన డబ్బు ఎంత, అది ఎక్కడికి పోయింది అన్నది ఇక్కడ రాస్తున్నాం. ప్రతి ఖర్చుకూ రసీదో, బ్యాంకు కాగితమో ఉంది.

ముందు జమ. పోయినేడాది నిల్వ 127.25 డాలర్లు. 46 కుటుంబాల చందా 2,310. ఉగాది నాడు పులిహోర, మిరపకాయ బజ్జీల స్టాల్ మీద మిగిలింది 418. ప్రదర్శనలో బల్ల మీద పెట్టిన డబ్బాలో పడింది 163.50. మన దగ్గర రెండేసి ఉన్న సంచికలు అమ్మితే 95. తడిసిపోయిన పార్సిల్ తాలూకు వాపసు 46. మొత్తం జమ 3,159.75 డాలర్లు. ఖర్చు 2,604.75. నిల్వ 555 డాలర్లు.

ఒక సవరణ. ఆగస్టులో వాట్సాప్ గ్రూపులో పెట్టిన లెక్కలో చందా 2,330 అని ఉంది. ఒక కుటుంబం ఇచ్చిన 20 డాలర్లు రెండుసార్లు రాసుకున్నాం. బ్యాంకు లెక్కతో సరిచూసినప్పుడు బయటపడింది. పొరపాటు మాదే, క్షమించండి.

ఇక ఖర్చు. పాత సంచికల కొనుగోలు 1,144 డాలర్లు. పెద్ద పద్దు ఇదే, ఎక్కువమంది అడిగింది కూడా దీని గురించే. మొత్తం 41 ప్రతులు కొన్నాం. ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్ 23, వాటికి 742 డాలర్లు. ఫాంగోరియా 12, వాటికి 264. క్రీపీ, ఈరీ అనే హారర్ బొమ్మల కథల పత్రికలు కలిపి 6, వాటికి 138.

ఉగాది మీటింగులో ఒక పెద్దాయన లేచి, "మన పిల్లల తెలుగు బడికి ఇవ్వాల్సిన డబ్బు వాళ్ల దయ్యాల పుస్తకాలకెందుకు?" అని అడిగారు. ఆయన అడగడం న్యాయమే. తెలుగు బడి ఖాతా వేరు, అందులోంచి ఒక్క సెంటు కూడా ఇటు రాలేదు. ఎందుకు అన్నదానికి మాత్రం కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

మనం ఉంటున్నది ఫిలడెల్ఫియా పక్కన. ఈ పత్రికల కథ మొదలైంది ఈ ఊళ్లోనే. 1957లో యూనివర్సల్ స్టూడియో వాళ్ల పాత హారర్ సినిమాలు 52 ఒక కట్టగా టీవీ స్టేషన్లకు అమ్ముడుపోయాయి. ఫ్రాంకెన్‌స్టయిన్, డ్రాక్యులా మొదటిసారి ఇళ్లలోకి వచ్చాయి. ఇక్కడి స్టేషన్‌లో జాన్ జాకర్లే అనే నటుడు నల్లకోటు వేసుకుని, రోలాండ్ అనే పేరుతో ఆ సినిమాలకు ముందుమాటలు చెప్పేవాడు. పిల్లలు రాత్రిళ్లు నిద్రమానుకుని చూసేవారు. ఆ సమయంలో ఫిలడెల్ఫియాకు చెందిన జేమ్స్ వారెన్ అనే ప్రచురణకర్త, లాస్ ఏంజెలెస్‌లో ఉండే ఫారెస్ట్ జె. ఆకర్‌మన్ అనే వీరాభిమాని కలిసి 1958 ఫిబ్రవరిలో ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్ అనే పత్రిక వేశారు. వెల 35 సెంట్లు. ఒక్క సంచికతో ఆపేద్దామనుకున్నది 191వ నంబరు సంచిక దాకా నడిచి, 1983లో ఆగింది.

మన వీధుల్లో డెబ్బయ్యేళ్లు దాటిన అమెరికన్ ఇరుగుపొరుగు చాలామంది ఆ పత్రిక చదివి పెరిగినవాళ్లే. మన పిల్లలు వాళ్ల పిల్లలతో, మనవలతో కలిసి బడికి వెళ్తున్నారు. నాలుగేళ్ల కిందట పక్కింటి పెద్దాయన ఒకరు తన దగ్గరున్న 9 ప్రతులు మన కుర్రాడి చేతిలో పెట్టి, "నీకు పనికొస్తాయేమో చూడు" అన్నారు. ఈ అలమర ఆ తొమ్మిదితో మొదలైంది. ఈ ఏడాది తెనాలి నుంచి వచ్చిన ఒక అత్తయ్య ప్రదర్శనలో బేసిల్ గోగోస్ అనే చిత్రకారుడు ఆ పత్రికకు వేసిన అట్టబొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. బొమ్మలోని ముఖం మీద ఒక పక్క ఆకుపచ్చ వెలుగు, ఇంకో పక్క ఎర్ర వెలుగు. "చిన్నప్పుడు చందమామ రాగానే ముందు బేతాళ కథే తీసేదాన్ని, శంకర్ గారి బొమ్మలో శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి చూసి భయపడి మూసేసి, మళ్లీ తెరిచేదాన్ని" అన్నారు. మేం పెట్టిన కార్డులన్నిటికంటే ఆ మాటే పిల్లలకు బాగా అర్థమైంది.

కొనుగోలులో కమిటీ పెట్టుకున్న నియమం ఒకటే: చేత్తో పట్టుకుని తిప్పగలిగే ప్రతులే కొనాలి. ఫేమస్ మాన్‌స్టర్స్ మొదటి సంచిక మనకు రెండుసార్లు ఎదురొచ్చింది. ఒకటి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి, నాణ్యతకు మార్కులు వేసి ఉన్నది, 1,400 డాలర్లు అడిగారు. ఆ పెట్టె తెరిస్తే విలువ పోతుంది, తెరవకపోతే లోపలి పేజీ ఎవరూ చూడలేరు. ఇంకొకటి అట్ట చిరిగినది, 600 చెప్పారు. కమిటీలో గట్టిగా వాదన జరిగింది. ఆ అట్ట మీద ఫ్రాంకెన్‌స్టయిన్ మాస్కు పెట్టుకుని నిలబడింది స్వయానా వారెనే, ఈ ఊరి అలమరలో అది లేకపోతే ఎలా అని ఇద్దరు సభ్యులు బాధపడ్డారు. చివరికి ఓటు పెట్టాం, 5కి 2. ఆ 600తో ఇరవైకి పైగా సంచికలు వస్తాయి కాబట్టి వదిలేశాం.

కొన్న ఇరవై మూడు ఫేమస్ మాన్‌స్టర్స్ ప్రతుల్లో మూడు తర్వాతి కాలానివి. 1993లో ఈ పత్రికను వేరొకరు 200వ సంచిక నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఆకర్‌మన్ మొదట అందులో చేరి, తర్వాత గొడవపడి కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2000లో జ్యూరీ ఆయన పక్షాన నిలిచింది. ఆ రోజుల్లోని 202వ సంచికకు 18 డాలర్లు పెట్టాం. స్టీఫెన్ కింగ్ కుర్రాడిగా ఉన్నప్పుడు పంపిన కథను ఆకర్‌మన్ పారేయకుండా దాచి, 1994లో అందులో వేశారు. తెలుగు బడిలో కథలు రాసే పిల్లలకు చూపించడానికి కొన్నాం.

ఫాంగోరియా సంగతి వేరు. 1979లో గాడ్జిల్లా అట్టతో మొదలైంది. మొదటి సంచికలో పాఠకులకు బాగా నచ్చింది టామ్ సవీనీ మేకప్ పనితనం మీద వ్యాసం. ఆయన మన రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ మనిషి. నెత్తురు ఎలా కలుపుతారు, తెగిన చెయ్యి అచ్చు ఎలా పోస్తారు అన్నది రంగుల ఫొటోలతో చూపించడం దాంతో ఆ పత్రికకు గుర్తింపైంది. తల్లిదండ్రులు కొందరు టెన్షన్ పడ్డారు కాబట్టి ఆ 12 ప్రతులూ పై అరలో పెట్టి తాళం వేశాం. పదహారేళ్లు నిండినవారికే ఇస్తాం.

కొత్త పత్రికల చందాలకు 236 డాలర్లు. కొన్నేళ్లు అచ్చులో కనబడకుండా పోయిన ఫాంగోరియా 2018లో మూడు నెలలకొకటిగా, దళసరి కాగితంతో తిరిగి వచ్చింది. టొరంటో నుంచి 1997 నుంచీ వస్తున్న రూ మోర్గ్ ఇంకొకటి. ఈ రెండింటికీ ఏడాది చందా కట్టాం. ఇంగ్లండ్‌లోని హామర్ కంపెనీ తీసిన హారర్ సినిమాల మీద అయోవా రాష్ట్రం నుంచి 1972లో మొదలైన లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్ పాత సంచికలు రెండు కూడా ఇందులోనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతుండగా చందా ఎందుకని ఒకరు రాశారు. పాతవాటికి మనం పెట్టే డబ్బు అమ్మేవాడికి పోతుంది, పత్రికకు ఒక్క సెంటూ చేరదు. ఇప్పుడు రాసేవాళ్లకు, బొమ్మలు వేసేవాళ్లకు జీతాలు రావాలంటే చందాలే దారి. వచ్చే ఏడాది ఈ పద్దు ఇంకా పెంచాలని కమిటీ కోరిక.

పోస్టేజీ 118.35. జూన్‌లో వచ్చిన ఒక పార్సిల్ వానలో గుమ్మం బయట ఉండిపోయింది, లోపల ప్లాస్టిక్ చుట్టలేదు. 92 డాలర్ల విలువైన నాలుగు ప్రతులు ముద్దయిపోయాయి. అమ్మినవారితో మాట్లాడితే సగం, అంటే 46, వెనక్కి ఇచ్చారు. మిగతా 46 నష్టం. ఆ నాలుగూ 41లో కలిపే చూపించాం. ఇకమీదట ప్లాస్టిక్ చుట్టి పంపమని ముందే రాసి అడుగుతున్నాం.

మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లు, ఆమ్లం లేని అట్టలు, పెట్టెలకు 131.40. ఇది తగ్గించలేం. ఆ కాలపు చవక కాగితం గోధుమరంగుకు తిరిగి, అంచులు అప్పడంలా విరిగిపోతుంది. అద్దాల తలుపుల అలమర సెకండ్ హ్యాండ్‌లో 340. న్యూజెర్సీ దుకాణాలకు వెళ్లిన రెండు ట్రిప్పులకు గ్యాసు, టోల్ కలిపి 74.

ప్రదర్శన ఫ్రేములు, పోస్టర్లు, తెలుగు-ఇంగ్లీషు కార్డుల ప్రింటింగ్ 287. ప్రొజెక్టర్ అద్దె 60. టీ, సమోసాలు 214. ఊరి లైబ్రరీ హాలు ఉచితంగా ఇచ్చింది. సినిమా ప్రదర్శనకు లైసెన్సు ఖర్చు సున్నా అని చూసి కొందరు అనుమానపడ్డారు, కారణం ఇది. మేం వేసింది 1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్, జార్జ్ రొమేరో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల తీసిన సినిమా. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు పంపిణీదారు కొత్త టైటిల్ మీద కాపీరైట్ గుర్తు వేయడం మరిచాడు. అప్పటి చట్టం ప్రకారం అది వెంటనే అందరి సొత్తయింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. రొమేరోకు న్యాయంగా రావాల్సిన డబ్బు రాలేదన్న బాధ మాకుంది, అది కార్డు మీద కూడా రాశాం.

నిల్వ 555 డాలర్లలో 300 వచ్చే ఏడాది పత్రికల చందాలకు, 100 కవర్లకు పక్కన పెట్టాం. 155 చేతిలో ఉంటుంది.

ఇంకో తీర్మానం. ఆకర్‌మన్ తన ఇంటినిండా మాస్కులు, పుస్తకాలు, సినిమాల్లో వాడిన బొమ్మలు పోగుచేసి, శనివారాలు తలుపు తీసి పెట్టేవారు. ఎవరొచ్చినా ఉచితంగా చూపించేవారు. ఆయన 2008లో పోయాక, 2009లో అప్పటికి మిగిలిన వస్తువులు వేలంలో తలా ఒక చోటికి వెళ్లిపోయాయి. మన అలమరకు ఆ గతి పట్టకూడదు. కమిటీ ఎత్తేసే రోజు వస్తే మొత్తం ఒకే కట్టగా ఊరి లైబ్రరీకి చెందాలని రాసి, ఏడుగురం సంతకాలు పెట్టాం. ఒక ప్రతి రసీదుల ఫైలులో ఉంది.

ఫైలు కింది అరలో, తాళాలు ఇద్దరు సభ్యుల దగ్గర. శనివారం 10 నుంచి 1 గంట వరకు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వచ్చినప్పుడు మధ్య అరలో ఎడమపక్క చివరి సంచిక అడిగి తీసుకోండి. దాని ఖరీదు 9 డాలర్లే, ఎందుకంటే వెనక పేజీలో చదరంగా ఒక కన్నం ఉంది. మాస్కులు, 8 ఎంఎం సినిమా రీళ్లు పోస్టులో తెప్పించుకునే కూపన్‌ను ఎవరో పిల్లవాడు కత్తెరతో కోసుకున్నాడు. గీత వంకరగా పోయి, అవతలి పక్క ఫొటోలో ఫ్రాంకెన్‌స్టయిన్ సినిమా నటుడు బోరిస్ కార్లాఫ్ గడ్డం సగం పోయింది. అట్ట లోపలివైపు పెన్సిలుతో రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన కూడిక ఒకటి ఉంది. తన దగ్గరున్న చిల్లర ఆ మాస్కుకు సరిపోతుందో లేదో లెక్క చూసుకున్నాడు.