ఉసిరి పచ్చడి ఆలస్యం: తప్పు సగం మా పాపది, సగం నాది

మొన్న ఆదివారం షాపుకొచ్చి, షట్టర్ వేసి ఉండటం చూసి తిరిగి వెళ్లిన వాళ్లందరూ నన్ను క్షమించాలి. ముందురోజే బోర్డు పెట్టాల్సింది, మర్చిపోయాను. చిలకలూరిపేట నుంచి బస్సెక్కి వచ్చిన ఒక పెద్దావిడ ఫోన్ చేసి తిట్టారు. తిట్టాల్సిందే.

కార్తీక వనభోజనాలకని ఫిరంగిపురం దగ్గర మా బావమరిది పొలానికి వెళ్లాం. పాపకు నాలుగేళ్లు నిండాయి, ఇంతవరకు మిరప చేను చూడలేదు. గుంటూరులో పుట్టి, రోజూ కారం డబ్బాల మధ్య ఆడుకునే పిల్ల! చేలో పచ్చటి కాయలు చూసి, "నాన్నా, ఎర్ర రంగు ఎప్పుడు వేస్తారు?" అంది. సంక్రాంతి నాటికి ఆ కాయే పండి ఎర్రబడుతుందంటే నమ్మలేదు. పక్క చేలో పత్తి పగిలి ఉంటే "అమ్మమ్మ ఒత్తులు చెట్టుకి కాశాయ్!" అని ఒకటే అరుపు. పౌర్ణమికి వాళ్ల అమ్మమ్మ 365 ఒత్తులు చేస్తుంటే పక్కన కూర్చుని పత్తి పీకింది లెండి, అదీ సంగతి.

ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసుకున్నాం. పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. ఉసిరి పచ్చడి మాత్రం లేదు. ఆదివారం ఉసిరి తినకూడదని మా అత్తగారు డబ్బా మూతే తీయనివ్వలేదు. పచ్చళ్లమ్మే అల్లుడికి ఎంత అవమానం!

ఇక అసలు విషయం. ఈసారి మీ పచ్చడికి కాయ ఆ పొలంలోదే. చెట్ల మీంచి చేత్తో కోసిన కాయ 40 కిలోలు గోనెల్లో పెట్టాం. మేం కబుర్లలో ఉండగా పాప కింద రాలిన కాయలన్నీ గౌను నిండా ఏరుకొచ్చి ఆ గోనెల్లోనే పోసింది. ఒకసారి కాదు, ఎన్నిసార్లో. నేను చూశాను. చూసి ఫొటో కూడా తీశాను. ఆ ముచ్చటలో బుర్ర పనిచేయలేదు.

రాలిన కాయకు దెబ్బ తగిలి ఉంటుంది. పైకి బాగానే కనపడుతుంది, బొటనవేలితో నొక్కితే ఒకచోట మెత్తగా దిగుతుంది. అలాంటివి నాలుగు పడినా జాడీకి బూజు భయమే. పోయినేడాది ఒక జాడీ అలాగే పారబోశాను, ఆ బాధ ఇంకా పోలేదు. అందుకని ఆదివారం రాత్రి పన్నెండింటి దాకా, మళ్లీ సోమవారమంతా, ఒక్కొక్క కాయా నొక్కి చూశాం. అనుమానం ఉన్నదల్లా పక్కన పడేస్తే 9 కిలోలు తేలింది. అందులో మంచి కాయ కూడా కొంత పోయే ఉంటుంది. పోనీ.

దాంతో ఉప్పు, పసుపు కలిపి జాడీకెత్తడం మంగళవారానికి పడింది. మూడో రోజు తీసి, గింజ వేరుచేసి, రుబ్బి, కారం మెంతిపిండి కలిపి తాలింపు వేసేసరికి శనివారం అవుతుంది. గురువారం ఇస్తానన్న వాళ్లకు రెండు రోజులు లేటు. ఆగలేనంటే అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాను, మొహమాటపడకండి. రేటు పాతదే. కొత్త ఆర్డర్లు మాత్రం మళ్లీ కాయ వచ్చాకే తీసుకుంటాను. అంతదాకా పాత చింతకాయ పచ్చడి ఉంది.

పక్కన పెట్టిన వాటిలో మచ్చలేనివి ఏరి కౌంటర్ మీద బుట్టలో పెట్టాం. ఉసిరి దీపాలకు తలో రెండు పట్టుకెళ్లండి, డబ్బులక్కర్లేదు. మా పాప అడుగుతుంది, ఇవ్వకండి.