పట్టాలో లేని పేరు, మాత్ర మీద లేని పేరు

సంపాదకులు గారికి నమస్కారం.

రాజకీయ నాయకుడి ప్రభావం ఎక్కువ కాలం నిలుస్తుందా, శాస్త్రవేత్తదా అని మా పొదిలిలో విశ్రాంత ఉద్యోగులం నలుగురం చేరినప్పుడల్లా వాదన వస్తుంది. ఎందరికి పేరు తెలుసన్నదే కొలత అయితే టంగుటూరి ప్రకాశం పంతులు గారి ముందు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు నిలవలేరు. ప్రకాశం జిల్లాకే పంతులు గారి పేరుంది. కానీ ఆ కొలత పంతులు గారికి కూడా న్యాయం చేయదు.

మా ప్రాంతం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి జమీనులో ఉండేది. 1937లో మద్రాసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి అయిన ప్రకాశం గారు జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, భూమికి హక్కుదారు రైతేనని మరుసటి ఏడాది నివేదిక ఇచ్చారు. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది మూలన పడింది. జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో, ఆయన పదవిలో లేనప్పుడు వచ్చింది. మా తాతగారి రైత్వారీ పట్టా, అంటే జమీందారు ప్రమేయం లేకుండా రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే హక్కు పత్రం, ఆ చట్టం పుణ్యమే. ఆ కాగితంలో పంతులు గారి పేరు వెతికినా కనిపించదు.

భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు ఆ 1948 ఆగస్టులోనే న్యూయార్క్‌లో కన్నుమూశారు. లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో ఆయన సారథ్యంలో జరిగిన పరిశోధనల వల్లనే ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్ కృత్రిమంగా తయారైంది, బోదకాలుకు డీఈసీ మందు వచ్చింది. మా కోడలు గర్భవతిగా ఉన్నప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చిన ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ అట్ట మీదా ఆయన పేరు లేదు.

తేడా మరోచోట ఉంది. 1954లో మద్యనిషేధం వివాదంలో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న ప్రకాశం గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటుతో పడిపోయింది. ఫోలిక్ ఆమ్లాన్ని ఏ అవిశ్వాస తీర్మానమూ పడగొట్టలేదు. పట్టా హక్కును మాత్రం ప్రతి తరమూ రీసర్వేల ముందు, కోర్టుల ముందు మళ్లీ నిరూపించుకోవలసిందే. అందుకే మన్నిక విషయంలో నా ఓటు శాస్త్రవేత్తకే. అయితే ఆ మాత్ర మా గడప దాకా రావడానికి ఆశా కార్యకర్త కావాలి, ఆమెను నియమించే ప్రభుత్వం కావాలి. మా వాదన ఇక్కడే ఎప్పుడూ తెగదు.

వచ్చే ఆగస్టు 23న పంతులు గారి జయంతి నాడు పూలమాలల ఫొటోలతో పాటు ఆ జమీందారీ నివేదికలోని ముఖ్య భాగాలను కూడా మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పొదిలి